నీకుంది ఇవాళ: ఇంగ్లీషు ‘ఇన్ ఫర్’ను వాక్యంలో పెట్టడం

(డిగ్రీ విద్యార్థుల కోసం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు, మీ బస్సుల టైము నాకు తెలుసు. అందుకని నేరుగా విషయంలోకి వస్తాను.

మీలో సగం మంది గ్రూప్స్‌కో, బ్యాంకు పరీక్షలకో, ఎస్సెస్సీకో చదువుతున్నారు. ఆ గైడ్లలో ఇడియమ్స్ అని ఒక చాప్టర్ ఉంటుంది. ఎడమ పక్క ఇడియమ్, కుడి పక్క అర్థం. అందులో ‘బీ ఇన్ ఫర్’ అని ఒకటి కనిపిస్తుంది. ఎదురుగా ‘ఎదుర్కోబోవడం, అనుభవించబోవడం’ అని రాసి ఉంటుంది. ఆ అర్థం తప్పేమీ కాదు. కానీ ఆ అర్థం పట్టుకుని సొంత వాక్యం రాయమంటే ఏం వస్తుందో నేను ఏళ్ల తరబడి ఆన్సర్ షీట్లలో చూస్తున్నాను. ‘ఐ యామ్ ఇన్ ఫర్ మై సిస్టర్స్ మ్యారేజ్ టుమారో.’ ‘హీ ఈజ్ ఇన్ ఫర్ టు గెట్ ఎ షాక్.’ ‘వీ ఆర్ ఇన్ ఫర్ ఎగ్జామ్స్ ఫ్రమ్ మండే.’ ఇవి రాసినవాళ్లు మొద్దు పిల్లలు కారు. అర్థం కంఠతా వచ్చినవాళ్లే. అర్థం వచ్చీ వాక్యం ఎందుకు చెడిందనేదే ఇవాళ మన ప్రశ్న.

నేను చెప్పదలచుకున్నది మొదటే చెప్పేస్తాను. ఈ ఇడియమ్ వెనక ఎప్పుడూ ఇద్దరు మనుషులు ఉంటారు. జరగబోయేది తెలిసినవాడు ఒకడు, తెలియనివాడు ఒకడు. వాళ్లిద్దరూ కనబడనంత వరకూ ఈ ఇడియమ్ మీ చేతికి రాదు. అర్థం ఎన్నిసార్లు వల్లె వేసినా రాదు.

తెలుగు నుంచే మొదలుపెడదాం. తమ్ముడు నాన్న కళ్లజోడు తొక్కి విరగ్గొట్టాడు. అక్క చూసింది. ఏమంటుంది? ‘నాన్నని రానీ, నీకుంది ఇవాళ’ అంటుంది. ఏముంది? చెప్పదు. తిట్లా, దెబ్బలా, వారం రోజులు ఫోన్ కట్టా, ఏదీ చెప్పదు. చెప్పకపోవడంలోనే ఆ మాట బలం ఉంది. నాన్న వచ్చేది సాయంత్రం. కానీ అక్క ‘ఉంటుంది’ అనలేదు, ‘ఉంది’ అంది. జరగబోయేది ఇప్పటికే ఖాయమైపోయింది, వీడికి అందడమే తరువాయి.

అదే అక్క ఇంగ్లీషులో అయితే ‘యూ ఆర్ ఇన్ ఫర్ ఇట్’ అంటుంది. ఇక్కడా ‘విల్ బీ’ లేదు, ‘ఆర్’ అని వర్తమానమే. ‘ఇట్’ అంటే ఏమిటో ఇక్కడా చెప్పలేదు. రెండు భాషలూ ఒకే పని చేశాయి. రాబోయేదాన్ని వర్తమానంలో పెట్టాయి, పేరు చెప్పకుండా భయపెట్టాయి. ఇంత దగ్గరగా ఉన్నా మన పిల్లలు తడబడతారు. ఎందుకంటే ఒక్క చోట రెండు భాషలూ అడ్డంగా విడిపోయాయి. మనం ‘నీకు’ అన్నాం. వాళ్లు ‘యూ’ అన్నారు.

ఈ ‘కు’ని కాస్త పట్టించుకోండి. నాకు జ్వరం వచ్చింది. నాకు ఆకలేస్తోంది. వాడికి భయం వేసింది. మా అక్కకి సంబంధం కుదిరింది. ఈ వాక్యాలన్నిట్లో కర్త ఎవరు? జ్వరం, ఆకలి, భయం, సంబంధం. అవి వస్తాయి, వేస్తాయి, కుదురుతాయి. మనిషి పక్కన ‘కు’ విభక్తితో నిలబడి ఉంటాడు, వచ్చేదాన్ని అందుకుంటాడు. ఇంగ్లీషు అలా నిలబడనివ్వదు. మనిషిని తెచ్చి కర్త కుర్చీలో కూర్చోబెడుతుంది. అందుకే మన పిల్లలు ‘ఎ షాక్ ఈజ్ దేర్ ఫర్ హిమ్’ అని రాస్తారు. తెలుగు పద్ధతి అక్షరాలా పాటించిన వాక్యం అది. వాళ్లని తిట్టి లాభం లేదు. ఆ ‘కు’ తీసేసి మనిషిని ముందుకు తెచ్చే అలవాటు చేయించాలి. ‘హీ ఈజ్ ఇన్ ఫర్ ఎ షాక్.’

మరి మనిషి ‘లోపల’ ఉండటం ఏమిటి? ‘ఇన్’ ఎందుకు? దీనికి మన సామెత ఒకటి చాలు. రోట్లో తలపెట్టి రోకటిపోటుకు వెరవనేల. తల ఇప్పటికే రోట్లో ఉంది, అది ‘ఇన్’. రోకలి ఇంకా పైనే ఉంది, దిగబోతోంది, అది ‘ఫర్’ తర్వాత వచ్చేది. మనిషి ఉన్న స్థితి ఇప్పటిది, తగలబోయే పోటు తర్వాతది. అందుకే క్రియ వర్తమానంలో ఉంటుంది, అర్థం భవిష్యత్తులో ఉంటుంది. ‘ఆర్ ఇన్ ఫర్’ చూసి ‘సార్, ఇది ప్రెజెంట్ టెన్సా, ఫ్యూచర్ టెన్సా’ అని అడిగేవాళ్లకి నేను ఈ సామెతే చెబుతాను.

ఇప్పుడు ‘ఫర్’ తర్వాత ఏం పెట్టాలి? ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. ‘ఫర్’ తర్వాత నామవాచకం రావాలి, ‘టు గెట్’, ‘టు ఫేస్’ లాంటివి రాకూడదని గైడ్లు చెబుతాయి. ‘హీ ఈజ్ ఇన్ ఫర్ టు గెట్’ తప్పయింది అందుకే. అది సగం సంగతి. ‘మై సిస్టర్స్ మ్యారేజ్’ నామవాచకమే కదా? ‘ఎగ్జామ్స్’ నామవాచకమే కదా? అవెందుకు కుదరలేదు?

‘ఫర్’ తర్వాత రావలసింది కార్యక్రమం పేరు కాదు. ఆ కార్యక్రమంలో మనకి కలగబోయే అనుభవం. అక్క పెళ్లి ఒక కార్యక్రమం. శుభలేఖలు పంచారు, హాలు బుక్ చేశారు, ముహూర్తం అందరికీ తెలుసు. అందులో ‘ఇన్ ఫర్’కి చోటే లేదు. కానీ పెళ్లికి వెయ్యి మందిని పిలిచి, వంటవాళ్లు ఇద్దరే వచ్చారనుకోండి. అప్పుడు ‘వీ ఆర్ ఇన్ ఫర్ ఎ లాంగ్ నైట్’ అనండి. ఈ రాత్రి మనకి తెల్లారదు అని. చక్కని వాక్యం. సోమవారం నుంచి పరీక్షలు ఉండటం టైంటేబుల్. కానీ రోజుకి రెండు పేపర్లు పెట్టారంటే, ‘వీ ఆర్ ఇన్ ఫర్ ఎ టఫ్ వీక్.’ వారం అనేది అందరికీ వచ్చేదే, అది ఎలాంటి వారం కాబోతోందో చెప్పే ‘టఫ్’ వల్ల వాక్యం నిలబడింది. ఒక విశేషణం పెట్టి చూడండి, సగం తప్పులు వాటంతట అవే పోతాయి.

వానకి మాత్రం విశేషణం అక్కర్లేదు. ‘వీ ఆర్ ఇన్ ఫర్ సమ్ రెయిన్’ అనవచ్చు. వాన మనం పెట్టుకున్న కార్యక్రమం కాదు, మన మీద పడే అనుభవమే కాబట్టి.

ఈ ఇడియమ్‌తో ఎప్పుడూ తిరిగే మాటలు కొన్ని ఉన్నాయి. సర్‌ప్రైజ్, షాక్, డిసపాయింట్‌మెంట్, రఫ్ రైడ్, బంపీ రైడ్, లాంగ్ వెయిట్, హార్డ్ టైమ్, ట్రబుల్, రూడ్ అవేకెనింగ్. ఈ చివరిది బాగుంటుంది. మత్తులో ఉన్నవాణ్ణి చెంప మీద కొట్టి లేపినట్టు నిజం తెలిసిరావడం అది. వీటన్నిటి మధ్య ‘ట్రీట్’ అనే మాట ఒక్కటి తీపిగా కనిపిస్తుంది. ‘ద ఫ్యాన్స్ ఆర్ ఇన్ ఫర్ ఎ ట్రీట్’ అంటే మన పత్రికల భాషలో ‘అభిమానులకు పండగే’. అంటే మంచికీ వాడతారు. కానీ మొగ్గు చెడు వైపే. దానికి పరీక్ష చాలా తేలిక. ఏం రాబోతోందో చెప్పకుండా ‘యూ ఆర్ ఇన్ ఫర్ ఇట్’ అని వదిలేస్తే, ఇంగ్లీషు ఇంట్లో పుట్టిన ఏ పిల్లవాడూ మిఠాయి వస్తోందని అనుకోడు. మన ‘నీకుంది’ కూడా అంతే కదా. మంచి చెప్పాలంటే ఆ మంచి పేరు చెప్పి తీరాలి, చెడుకి ఆ అవసరం లేదు.

కాబట్టి ఎవరికైనా శుభాకాంక్షలు రాసేటప్పుడు ఈ ఇడియమ్ జోలికి వెళ్లకండి. పెళ్లి చేసుకుంటున్న స్నేహితుడికి ‘యూ ఆర్ ఇన్ ఫర్ ఎ న్యూ లైఫ్’ అని కార్డు మీద రాస్తే, ఆశీర్వాదం కాస్తా హెచ్చరికలా వినబడుతుంది.

ఇక ఆ ఇద్దరి దగ్గరికి వస్తాను, తెలిసినవాడు, తెలియనివాడు. నా దగ్గర చదువుకున్న ఒకబ్బాయి ఎమ్మెస్ చేయడానికి అమెరికాలో బఫెలో వెళ్లాడు. బఫెలో ఈరీ సరస్సు తూర్పు కొసన ఉంటుంది. చలికాలం మొదట్లో సరస్సు నీళ్లు ఇంకా వెచ్చగానే ఉంటాయి. వాటి మీదుగా చల్లగాలి వీస్తూ తేమ ఎత్తుకొచ్చి ఆ ఊరి మీద మంచుగా కుమ్మరిస్తుంది. అక్కడి మంచు గురించి అమెరికాలో తెలియనివాళ్లు ఉండరు. మనవాడు వెళ్లింది ఆగస్టులో. ఎండ కాస్తోంది. పల్చటి చొక్కా వేసుకుని తిరుగుతున్నాడు. ఇంటి ఓనరమ్మ వాడి సూట్‌కేస్ వైపు చూసి ‘ఓ, యూ ఆర్ ఇన్ ఫర్ ఎ వింటర్’ అంది. వాడు దాన్ని ‘చలికాలంలో లోపలే ఉండు’ అని సలహాగా తీసుకున్నాడట. ‘ఇన్’ అంటే లోపల, ‘ఫర్’ అంటే కోసం. ఒక్కో మాటకి అర్థం చెప్పుకుంటూ వెళ్తే వచ్చేది అదే మరి.

ఆవిడ మాటలో ఏముందో చూడండి. చలికాలం వస్తుందని వాడికి తెలియదా? తెలుసు, క్యాలెండర్ ఉంది. ఆవిడ చెబుతున్నది క్యాలెండర్ సంగతి కాదు. ‘బాబూ, నువ్వు అనుకుంటున్న చలికాలం వేరు, ఇక్కడ నీకు రాబోయేది వేరు, నేను ఎన్నో చూశాను’ అంటోంది. ఇంత మాటనీ ఆ రెండు చిన్న పదాల్లో ఇమిడ్చింది. మన ఇళ్లలో పెద్దవాళ్లు అనే ‘ముందుంది ముసళ్ల పండగ’లోనూ ఇదే గొంతు ఉంది. కాకపోతే ముసళ్ల పండగ చెడుకి మాత్రమే. ఇప్పుడు పడుతున్నదానికన్నా పెద్ద కష్టం ముందుందని చెప్పడానికి వాడతాం. ఓనరమ్మ మాటలో కాస్త ఆప్యాయత కూడా ఉంది.

వార్త తెలియడం వేరు, అనుభవం తెలియడం వేరు. ఈ తేడాకి మన విశాఖపట్నం కంటే మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు. 2014 అక్టోబర్ 12, ఆదివారం, హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటింది. తుఫాను వస్తోందని ఎవరికీ తెలియకుండా ఏమీ లేదు. వాతావరణ శాఖ రోజుల ముందు నుంచీ చెబుతోంది. ఎక్కడ తీరం దాటుతుందో కూడా దాదాపు సరిగ్గానే చెప్పింది. తీరగ్రామాల నుంచి లక్షల మందిని ముందే తరలించారు. అయినా మర్నాడు విశాఖ జనాన్ని కదిపితే అందరిదీ ఒకటే మాట. ఇలా ఉంటుందనుకోలేదు. ఊరు ఊరంతా చెట్లు పడిపోయాయి, కైలాసగిరి పచ్చదనం ఎగిరిపోయింది, విమానాశ్రయం పైకప్పు దెబ్బతింది, కరెంటు రోజుల తరబడి లేదు. ఇంతకుముందు తుఫానులంటే కృష్ణా, గోదావరి డెల్టాల వైపు, ఒడిశా వైపు వెళ్లేవనే ధీమాతో ఉన్న నగరం అది.

దీన్ని ఇంగ్లీషులో చెప్పాలంటే, ‘పీపుల్ న్యూ ద సైక్లోన్ వాజ్ కమింగ్, బట్ దే హాడ్ నో ఐడియా వాట్ దే వర్ ఇన్ ఫర్.’ తుఫాను వస్తోందని తెలుసు, తమకి ఏం ఉందో తెలియదు. ఈ వాక్యం మొదటి సగంలో వార్త ఉంది, రెండో సగంలో అనుభవం ఉంది. మొదటి సగంలో ‘ఇన్ ఫర్’ పెట్టలేం, రెండో సగంలో ఇంకేదీ ఇంత బాగా అతకదు. నన్నడిగితే ఈ ఇడియమ్ మొత్తం ఈ ఒక్క వాక్యంలో ఉంది. ఇంటికెళ్లి రాసుకుని పెట్టుకోండి.

ఈ వాక్యంలో ఇంకో సంగతి గమనించాలి. ‘వర్ ఇన్ ఫర్’ అని భూతకాలంలోకి వెళ్లింది. జరిగిపోయిన తర్వాత వెనక్కి చూసి చెప్పేటప్పుడు ఇలాగే వస్తుంది. ‘లిటిల్ డిడ్ వీ నో వాట్ వీ వర్ ఇన్ ఫర్’ అని కథలు మొదలుపెట్టేవాళ్లున్నారు. అక్కడ తెలిసినవాడు, తెలియనివాడు ఒక్కడే. ఇవాళ్టి నేను తెలిసినవాణ్ణి, ఆనాటి నేను తెలియనివాణ్ణి. ‘ఐ యామ్ ఇన్ ఫర్ ఎ లాంగ్ నైట్’ అని తన గురించి తానే చెప్పుకున్నా అంతే. ఆఫీసులో సాయంత్రం ఆరింటికి మేనేజర్ కొత్త ఫైల్ పంపితే, దాన్ని తెరిచి చూసినవాడు అనే మాట అది. క్షణం క్రితం వరకూ తెలియనివాడే, ఇప్పుడే తెలిసినవాడయ్యాడు. అందుకే తన గురించి చెప్పుకునేటప్పుడు దీని ముందు తరచుగా ‘లుక్స్ లైక్’ చేరుతుంది. ‘లుక్స్ లైక్ ఐ యామ్ ఇన్ ఫర్ ఎ లాంగ్ నైట్.’ ఈ రాత్రికి నిద్ర లేనట్టే ఉంది, అని.

తుఫాను మాట వచ్చింది కాబట్టి పత్రికల సంగతి కూడా ఇక్కడే చెబుతాను. ఇంగ్లీషు పేపర్లలో వాన వార్తకి ‘సిటీ ఇన్ ఫర్ హెవీ రెయిన్’ అనే హెడ్డింగ్ చూసే ఉంటారు. హెడ్డింగ్ కాబట్టి ‘ఈజ్’ ఎగిరిపోయింది. మీరు పరీక్షలో రాసేటప్పుడు ‘ఈజ్’ ఎగరగొట్టకండి. తెలుగు పేపర్లో ఇదే ‘నగరానికి భారీ వర్షాలు తప్పవు’ అవుతుంది. చూశారా, మళ్లీ ‘నగరానికి’, మళ్లీ ఆ ‘కి’. కానీ అదే రోజు వాతావరణ శాఖ బులెటిన్ తీసి చూడండి. అందులో ‘ఇన్ ఫర్’ కనిపించదు. ‘లైక్లీ’, ‘వెరీ లైక్లీ’ అని కొలిచి రాస్తారు. అవి సంభావ్యతలో మెట్లు. శాస్త్రవేత్త లెక్క చెబుతాడు, విలేకరి ఆ లెక్క మనిషికి ఎలా తగులుతుందో చెబుతాడు. ప్రాజెక్టు రిపోర్టులోనో, ల్యాబ్ రికార్డులోనో ‘ఇన్ ఫర్’ రాయకండి అని నేను చెప్పేది అందుకే. అది మాట్లాడే భాష, కబుర్ల భాష, హెడ్డింగ్ భాష.

ఇప్పుడు మీకు సంభాషణలో బాగా పనికొచ్చే ఒక అచ్చు ఇస్తాను. ‘ఇఫ్ యూ థింక్’ అని మొదలుపెట్టి, ఎదుటివాడి భ్రమ ఏమిటో చెప్పి, ‘యూ ఆర్ ఇన్ ఫర్ ఎ సర్‌ప్రైజ్’ అని ముగించడం. ‘ఇఫ్ యూ థింక్ హైదరాబాద్ ట్రాఫిక్ ఈజ్ ఈజీ ఆన్ మండే మార్నింగ్, యూ ఆర్ ఇన్ ఫర్ ఎ సర్‌ప్రైజ్.’ సోమవారం పొద్దున హైదరాబాదులో ట్రాఫిక్ ఉండదనుకుంటున్నావా, చూస్తావుగా. మన ‘చూస్తావుగా’ ఉందే, అది సరిగ్గా ఇక్కడి ‘ఇన్ ఫర్ ఎ సర్‌ప్రైజ్’. ఏం చూస్తావో చెప్పదు, చూడటం తప్పదని మాత్రం చెబుతుంది. ఇందులో కాస్త దెప్పు ఉంది. అందుకని పెద్దవాళ్లతో, ఇంటర్వ్యూ బోర్డుతో ఈ అచ్చు వాడకండి. తోటివాళ్ల మధ్య చెల్లుతుంది.

ఇంకో రూపం ఉంది, అది నాకు చాలా ఇష్టం. ‘వాట్ హావ్ ఐ లెట్ మైసెల్ఫ్ ఇన్ ఫర్?’ ఇప్పటిదాకా చూసిన వాక్యాల్లో మనిషి రోట్లో ఎలా పడ్డాడో చెప్పలేదు. ఇందులో చెబుతుంది. వాడంతట వాడే తల దూర్చాడు. కాలేజీ వార్షికోత్సవానికి ‘నేను చూసుకుంటాను సార్’ అని చేయెత్తాడు ఒకబ్బాయి. వారం తిరిగేసరికి స్టేజీ వాడిదే, మైకు వాడిదే, భోజనాలు వాడివే, గొడవలూ వాడివే. రాత్రి హాస్టల్ మెట్ల మీద కూర్చుని అనుకునే మాట అది. తెలుగులో అయితే ‘కొరివితో తల గోక్కున్నాను’ అంటాడు. ఎంత దగ్గరగా ఉందో చూడండి. రెండింట్లోనూ నింద తనదే, ఇంకెవరినీ అనడానికి లేదు. ‘లెట్’ పక్కన ‘మైసెల్ఫ్’ తీసేసి ఇంకొకరిని పెడితే, ఆ ఇంకొకరిని ఇరికించినట్టు. ‘యూ లెట్ మీ ఇన్ ఫర్ దిస్’ అంటే, నన్ను ఇందులో ఇరికించింది నువ్వే.

పాత సామెత ఒకటి చెప్పి ఈ పాయ ముగిస్తాను. ‘ఇన్ ఫర్ ఎ పెన్నీ, ఇన్ ఫర్ ఎ పౌండ్.’ ఇది 1695లో అచ్చయిన ఒక ఇంగ్లీషు హాస్య నాటకంలోనే ఉంది. అక్కడ దీని పక్కనే ‘ఓవర్ షూస్, ఓవర్ బూట్స్’ అనే మరో సామెత కూడా ఉంది. నీళ్లు చెప్పుల మీదికి వచ్చేశాక బూట్ల మీదికి వస్తే మాత్రం ఏం అని. మనవాళ్లు ‘నిండా మునిగినవాడికి చలేమిటి’ అన్నారు. వాళ్లూ నీళ్లలోనే దిగారు, మనమూ నీళ్లలోనే దిగాం. పెన్నీకి, పౌండుకి మధ్య దూరం ఎంతో తెలిస్తే సామెత ఇంకా బాగుంటుంది. ఇప్పుడు పౌండుకి వంద పెన్నీలు. 1971 ఫిబ్రవరి దాకా పౌండుకి 240 పెన్నీలు. అంటే ఒక పెన్నీ పందెంతో దిగినవాడు 240 రెట్లు పోగొట్టుకోవడానికి కూడా సిద్ధపడుతున్నాడన్నమాట. కానీ ఇందులో గొంతు మారింది, గమనించండి. ‘యూ ఆర్ ఇన్ ఫర్ ఇట్’లో తప్పించుకోలేనితనం ఉంది. ఇందులో తెగింపు ఉంది. ఎలాగూ దిగాం, తేల్చుకునే వెళ్దాం అని.

పైకి ఒకేలా కనబడి వేరే పని చేసేవి కొన్ని ఉన్నాయి, అవి త్వరగా చెప్పేస్తాను. ‘ద కార్ ఈజ్ ఇన్ ఫర్ సర్వీసింగ్’ అంటే కారు సర్వీసింగ్‌కి ఇచ్చాం, షెడ్‌లో ఉంది అని. ‘షీ ఈజ్ ఇన్ ఫర్ ఎ చెకప్’ అంటే చెకప్ కోసం ఆస్పత్రిలో ఉంది. ఇవి మామూలు ‘ఇన్’, మామూలు ‘ఫర్’. జైలు సినిమాల్లో ఒక ఖైదీ ఇంకో ఖైదీని ‘వాట్ ఆర్ యూ ఇన్ ఫర్?’ అంటే, ఏ కేసులో వచ్చావు అని. అక్కడ ‘ఫర్’ తర్వాతది జరిగిపోయినది, జరగబోయేది కాదు. ‘పుట్ ఇన్ ఫర్ ఎ ట్రాన్స్‌ఫర్’ అంటే ట్రాన్స్‌ఫర్‌కి అర్జీ పెట్టుకోవడం. ‘హీ హాజ్ ఇట్ ఇన్ ఫర్ మీ’ అంటే వాడికి నా మీద కక్ష. ఈ చివరిదానితో జాగ్రత్త. ‘ఐ యామ్ ఇన్ ఫర్ ఇట్’ అంటే నాకు మూడింది. ‘హీ హాజ్ ఇట్ ఇన్ ఫర్ మీ’ అంటే వాడు నా మీద పగబట్టాడు. మాటలు అటూ ఇటూ అయితే చెప్పదలచుకున్నది తలకిందులవుతుంది.

ఇప్పుడు మీ ప్రశ్నలు. వెనక నుంచి ఆ అమ్మాయి, చెప్పమ్మా.

ఈ అమ్మాయి అడుగుతున్నదేమంటే, ‘సార్, ప్రమోషన్ రాబోతోంది అనడానికి ఇన్ ఫర్ ఎ ప్రమోషన్ అనవచ్చా?’ అని. మంచి ప్రశ్న. అనకమ్మా. ప్రమోషన్ వరసలో వస్తుంది, సీనియారిటీ లిస్టు ఉంటుంది, అందరూ చూస్తూ ఉంటారు. దానికి ‘ఇన్ లైన్ ఫర్ ఎ ప్రమోషన్’ అనాలి. రావలసిన టైము వచ్చేసింది, ఇవ్వకపోతే అన్యాయం అనిపిస్తే ‘డ్యూ ఫర్ ఎ ప్రమోషన్’ అను. ప్రమోషన్ వచ్చాక కొత్త సీట్లో ఎంత చాకిరీ ఉందో తెలియకుండా ఆయన సంబరపడుతున్నాడనుకో, అప్పుడు ‘హీ ఈజ్ ఇన్ ఫర్ ఎ సర్‌ప్రైజ్’ అని పక్కవాళ్లు అనుకుంటారు. ప్రమోషన్ లిస్టులో ఉంటుంది, సర్‌ప్రైజ్ ఏ లిస్టులోనూ ఉండదు.

ముందు వరసలో బాబు. ‘ఇన్ స్టోర్’ కూడా ఇదేనా అని. అర్థం దగ్గరే, వాక్యం మాత్రం తిరగబడుతుంది. ‘దేర్ ఈజ్ ఎ సర్‌ప్రైజ్ ఇన్ స్టోర్ ఫర్ యూ.’ ఇక్కడ కర్త స్థానం సర్‌ప్రైజ్‌ది, మనిషి చివర ‘ఫర్ యూ’ అని నిలబడ్డాడు. అంటే మన ‘నీకు’ దొరికింది! తెలుగులో ఆలోచించి రాసేవాళ్లకి ఇదే తేలిక. స్టోర్ అంటే దాచిపెట్టిన నిల్వ. కాలం మన కోసం ఏదో దాచి ఉంచిందన్న భావం. ఉగాది రోజు గుళ్లో కూర్చుని పంచాంగ శ్రవణం వింటాం చూడు, ఆదాయం ఎంత, వ్యయం ఎంత, రాజపూజ్యం ఎంత, అవమానం ఎంత అని. ‘వాట్ ద న్యూ ఇయర్ హాజ్ ఇన్ స్టోర్ ఫర్ అజ్’ అంటే సరిగ్గా అది. అందులో మంచీ ఉంటుంది, చెడూ ఉంటుంది, మొగ్గు ఏ వైపూ లేదు. కాబట్టి కొత్త ఏడాది కార్డు మీద రాయాలంటే ‘ఇన్ స్టోర్’ హాయిగా రాసుకోవచ్చు. అవమానం ఏడు అని తేలిన రాశివాళ్లని చూసి మాత్రం ‘దే ఆర్ ఇన్ ఫర్ ఎ హార్డ్ ఇయర్’ అనాలి.

ఆఖరి ప్రశ్న, ఆ కిటికీ పక్కన. ‘కమ్ ఇన్ ఫర్ క్రిటిసిజమ్’ అని పేపర్లో చూశాను, అది కూడా రాబోయే విమర్శేనా అని. కాదు బాబూ, అది ఇప్పటికే పడుతున్న విమర్శ. ‘ద న్యూ రోడ్ కేమ్ ఇన్ ఫర్ క్రిటిసిజమ్’ అంటే కొత్త రోడ్డు మీద విమర్శలు వచ్చాయి. ‘బీ’ ఉంటే రోకలి ఇంకా పైన ఉంది. ‘కమ్’ ఉంటే దెబ్బ పడింది.